కాషాయం కట్టిన రోమా యువకుడు

మన మడకశిర నుంచి ఏ దారిన బయలుదేరినా కాసేపటికల్లా కన్నడ బోర్డులు ఎదురొస్తాయి. ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష మాట్లాడే కుటుంబాలు ఈ వైపున ఎన్నో. నేను కోస్తాలో పుట్టి పెరిగినవాణ్ణి. ఇక్కడికి కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక పల్లెలో పూజ ముగిశాక రాగి సంగటి పెట్టారు. అన్నం తిన్నట్టు నమలబోతే ఇంటిల్లిపాదీ నవ్వారు. సంగటిని ముద్ద చేసి, పులుసులో ముంచి మింగాలని ఆ ఇంటి అవ్వ నేర్పింది. సొంత రాష్ట్రంలోనే మళ్ళీ అన్నం తినడం నేర్చుకోవలసి వస్తే, ఏడు సముద్రాలు దాటి వచ్చిన వాని పాట్లు ఎలా ఉంటాయో ఆ రోజు ఆలోచించాను. అప్పుడు గుర్తుకు వచ్చినవారు తత్త్వబోధక స్వామి అని పేరుపొందిన రాబర్టు డి నొబిలి గురువులు.

ఆయన 1577లో ఇటలీలో గొప్ప ప్రభువుల ఇంట పుట్టారు. తండ్రి పాపుగారి సైన్యంలో సేనాపతి. మూడవ జూలియస్ పాపుగారు ఆ వంశానికి బంధువులు. కార్డినల్ బెల్లార్మిను గారూ బంధువే. పెద్ద కొడుకు సిరిసంపదలకు వారసుడై ఉండాలని ఇంటివారి కోరిక. ఆయన మాత్రం ఇల్లు విడిచి నేపుల్సు వెళ్ళి యేసుసభలో చేరారు. గురుపట్టం పొందిన కొద్దికాలానికే, 1604లో లిస్బనులో ఓడ ఎక్కారు. దారిలో ఆఫ్రికా తీరాన ఓడ దెబ్బతిన్నది. 1605 మే నెలలో గోవా చేరారు. జబ్బుపడి లేచి, కొచ్చి మీదుగా ముత్యాల తీరానికి వెళ్ళి కొన్ని నెలలు తమిళం నేర్చుకొని, 1606 నవంబరులో మదురై పట్టణంలో అడుగుపెట్టారు. వయస్సు 29 సంవత్సరాలు.

అక్కడ ఫాదర్ గొన్సాలో ఫెర్నాండెజ్ అనే వృద్ధ గురువు ఉన్నారు. పూర్వాశ్రమంలో సైనికుడు. పదకొండేళ్ళుగా బడి నడిపారు, రోగులకు మందులిచ్చారు, తీరప్రాంతం నుంచి వచ్చిన క్రైస్తవులను కాపరిలా చూసుకున్నారు. కాని ఆ ఊరి హిందువుల్లో ఒక్కరూ జ్ఞానస్నానం పొందలేదు. నొబిలి గారికి కారణం త్వరలోనే బోధపడింది. క్రీస్తు మతంలో చేరతావా అని అడగడానికి అక్కడ వాడుకలో ఉన్న మాటకు, పరంగి కులంలో చేరతావా అని అర్థం. పరంగి అంటే గొడ్డుమాంసం తిని, సారా తాగి, స్నానం చేయని విదేశీయుడని జనం భావన. ఆ మాట నోటితో ఎంత మంచి సువార్త చెప్పినా చెవికెక్కేది కాదు.

ఆయన తన పైవారి అనుమతి అడిగారు. ప్రొవిన్షియల్ ఫాదర్ లేర్జియో, క్రాంగనూరు పీఠాధిపతి ఫ్రాన్సిస్ రోజ్ గార్లు సరేనన్నారు. నల్లని అంగీ తీసివేసి కాషాయం కట్టారు. తోలు చెప్పులు విడిచి పావుకోళ్ళు తొడిగారు. చేత దండం, కమండలం. నుదుట గంధం. బ్రాహ్మణుల వాడకు దగ్గరలో మట్టి గుడిసె. మాంసం, చేప, గుడ్డు, ద్రాక్షరసం మానివేశారు. బలిపూజలోని ద్రాక్షరసం మాత్రమే మిగిలింది. దినానికి ఒకే భోజనం: అన్నం, కూర, కొంచెం పాలు. చదివేటప్పుడు ఇది అందంగా ఉంటుంది. రోమా నగరపు భోజనానికి అలవాటుపడిన కడుపుకు అది ఎంత కష్టమో సంగటి ముద్ద గొంతులో అడ్డుపడినవాణ్ణి నాకు కొంత తెలుసు. ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది కూడా. అయినా నియమం తప్పలేదు.

మిగతా సమయమంతా చదువు. తమిళం సరే, తెలుగు కూడా నేర్చుకున్నారు. మదురై నాయక రాజులు తెలుగువారు. వారి పైనున్న విజయనగర చక్రవర్తులు తళ్ళికోట యుద్ధం తరువాత మన పెనుకొండనే రాజధాని చేసుకున్నవారు. అందుచేత రాజాస్థానపు భాష తెలుగే. శివధర్ముడు అనే బ్రాహ్మణ పండితుడు ఆయనకు సంస్కృతం నేర్పాడు. ఒక పరదేశికి వేదం చెప్పడం ఆ రోజుల్లో ప్రమాదకరమైన పని. ఆ పండితుడే తరువాత జ్ఞానస్నానం పొందాడు. అంతకు ముందే ఫెర్నాండెజ్ గారి బడిలో పాఠాలు చెప్పే శైవుడైన ఉపాధ్యాయుడు నొబిలి గారితో సుమారు ఇరవై రోజులు వాదించి, చివరకు క్రీస్తును అంగీకరించాడు. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివిన మాబోటివారికి ఆ ఇరవై రోజుల మీద అసూయ కలుగుతుంది.

అసలు దెబ్బ బయటినుంచి రాలేదు. 1610లో ఫెర్నాండెజ్ గారే పైవారికి ఫిర్యాదు రాశారు. నొబిలి అన్యుడైపోయాడని, యజ్ఞోపవీతం, పిలక, గంధం విగ్రహారాధనేనని అభియోగం. ఆయనను దుష్టుడనుకోకూడదు; పదకొండేళ్ళ తన శ్రమ వ్యర్థమని అందరూ అంటుంటే ఎవరికి నొప్పి కలగదు? మాట యూరోపు దాకా పాకింది. కార్డినల్ బెల్లార్మిను గారు తమవాడు మతభ్రష్టుడయ్యాడని విని ఎంతో దుఃఖించారు. వివరం తెలిశాక మద్దతు ఇచ్చారు. కొత్తవారికి జ్ఞానస్నానం ఇవ్వరాదని కొంతకాలం ఆంక్షలు కూడా వచ్చాయి. 1619లో గోవాలో జరిగిన విచారణకు నొబిలి గారు ఆ కాషాయంతోనే వెళ్ళారు. సభలో ఎక్కువమంది ఆయనకు ఎదురు నిలిచారు. సంజాయిషీలు రాస్తూ, విధేయతతో ఎదురుచూస్తూ ఏళ్ళు గడిపారు. 1623 జనవరి 31న 15వ గ్రెగొరీ పాపుగారి తీర్పు వచ్చింది. మూఢాచారం కలవకుండా ఉంటే యజ్ఞోపవీతం, పిలక, గంధం, స్నానాలు ఉంచుకోవచ్చునని అనుమతించారు.

ఆ తీర్పులోనే మరొక విషయం ఉంది. దాన్ని మనం తరచు దాటవేస్తాం. గొప్ప వంశాలవారు పేదలను, తక్కువ కులాలనబడేవారిని, ముఖ్యంగా దేవాలయంలో, చిన్నచూపు చూడరాదని పాపుగారు అందులో బతిమాలారు. అలా చెప్పవలసిన అవసరం నిజంగానే ఉంది. పై కులాలకు దగ్గర కావాలని నొబిలి గారు తీరం నుంచి వచ్చిన పరవ క్రైస్తవుల గుడికి దూరంగా, వేరుగా గుడి కట్టారు. కులం లౌకికమైన ఏర్పాటే గాని మతానికి సంబంధించినది కాదని ఆయన వాదం. తర్కానికి అది నిలబడవచ్చు. కాని మన శ్రీసభలో బల్లలు, శ్మశానాలు వేరైన చరిత్ర ఎరిగిన గురువుగా నేను ఆ వాదాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోలేను. మాంసం, మద్యం, పేరు, వంశం అన్నీ వదులుకున్న మనిషి ఈ ఒక్క గోడను నిలబెట్టి వెళ్ళారు. ఆయన కూడా ఆ లోపాన్ని గమనించకపోలేదనుకుంటాను. 1640లో బల్తజార్ ద కోస్తా గురువులు పండార స్వామిగా మారి నిమ్న కులాలవారి మధ్య తిరగడం మొదలుపెట్టారు. 1693లో ఒరియూరులో వేదసాక్షి మరణం పొందిన పునీత జాన్ డి బ్రిట్టో ఆ పండార స్వాముల బాటలోనివారే.

1640లోనే నొబిలి గారు మదురైలో చెరసాలపాలయ్యారు. చూపు మందగించింది. చివరి సంవత్సరాలు మైలాపూరులో గడిపారు. కళ్ళు దాదాపు కనబడకపోయినా, శిష్యులచేత పుస్తకాలు రాయించేవారు. తిండి మాత్రం మదురైలో మొదలుపెట్టిన అదే అన్నం, ఆకుకూర. 1656 జనవరి 16న, 78వ ఏట మరణించారు.

సుమారు యాభై ఏళ్ళ తరువాత ఫ్రెంచి యేసుసభ గురువులు అదే కాషాయం కట్టి, అదే ఒంటిపూట భోజనంతో పుంగనూరు, కృష్ణాపురం మీదుగా మన అనంతపురం సీమకు వచ్చారు. వారివల్ల జ్ఞానస్నానం పొందిన రైతు కుటుంబాల్లో కొన్ని కరువులకు, కలహాలకు తూర్పుగా వలసపోయాయి. మా గుంటూరు వైపు విచారణల్లో ముసలివారు తమ పూర్వులు ఈ సీమనుంచే వచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు.