జీబ్రాకి అవుట్‌లైన్ లేదు.. అయినా కనిపిస్తుంది! నలుపు తెలుపులతో కళ్లని ఆడించిన వసరెలీ కథ ఇదీ

ఫోన్‌లో రీల్స్ చూస్తుంటే అప్పుడప్పుడు ఒక వింత బొమ్మ వస్తుంది. గళ్లు ఉబ్బుతున్నట్టు, గీతలు అలల్లా ఊగుతున్నట్టు ఉంటుంది. వీడియో అనుకుని పాజ్ కొడితే అప్పుడు తెలుస్తుంది.. అది కదలని బొమ్మే అని! కదిలింది బొమ్మ కాదు, మన కన్ను. ఈ తరహా బొమ్మలకి ఆప్ ఆర్ట్ అని పేరు. దానికి ఆద్యుడిగా ప్రపంచం చెప్పుకునే కళాకారుడు విక్టర్ వసరెలీ. గొప్ప బొమ్మ గొప్పోళ్ల గోడలకే పరిమితం కాకూడదని, ప్రింట్ తీసి అందరికీ పంచాలని జీవితాంతం పట్టుబట్టిన మనిషి ఆయన.

డాక్టర్ కావాల్సినవాడు

వసరెలీ 1906 ఏప్రిల్ 9న హంగరీలోని పేచ్ పట్టణంలో పుట్టారు. 1925లో బుడాపెస్ట్‌లో మెడిసిన్‌లో చేరారు. రెండేళ్లకే మానేశారు. బొమ్మలంటే పిచ్చి. 1920ల చివర్లో షాండోర్ బోర్ట్‌న్యిక్ అనే ఆర్టిస్ట్ నడిపే స్కూల్‌లో చేరారు. జర్మనీలో అప్పుడు పెద్ద పేరున్న బౌహౌస్ స్కూల్ పద్ధతిలోనే అక్కడ పాఠాలు. పోస్టర్, అక్షరం, కుర్చీ, గోడ.. మనిషి వాడే ప్రతిదీ డిజైనే అన్నది అక్కడ నేర్పిన విషయం.

1930లో పారిస్ వెళ్లిపోయారు. తోటి స్టూడెంట్ క్లేర్‌ని పెళ్లి చేసుకున్నారు. ఇద్దరు కొడుకులు. ఇల్లు గడవాలి కాబట్టి యాడ్ ఏజెన్సీల్లో గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేశారు. పొద్దంతా ప్రకటనల బొమ్మలు, ఖాళీ దొరికితే సొంత ప్రయోగాలు.

ఆ రోజుల్లో, 1937లో వేసిందే జీబ్రా. ఒకదాన్నొకటి చుట్టుకున్న రెండు జీబ్రాలు. వాటికి అవుట్‌లైనే లేదు! ఉన్నవి నల్ల చారలు, తెల్ల చారలు మాత్రమే. ఆ చారలు వంగిన చోట మన కన్నే మెడని, వీపుని, కాళ్లని తయారు చేసుకుంటుంది. ఆప్ ఆర్ట్‌కి మొదటి అడుగుల్లో ఇదొకటని చరిత్రకారులు చెప్తారు.

రంగులు ఎందుకు వదిలేశారు?

1944లో డెనీస్ రెనె అనే ఆవిడ పారిస్‌లో గ్యాలరీ తెరిచారు. మొదటి ప్రదర్శన వసరెలీదే. 1950ల్లోకి వచ్చాక ఆయన చాలావరకు రంగులు పక్కన పెట్టేసి నలుపు, తెలుపు మీదే కూర్చున్నారు. చిన్న పెన్ డ్రాయింగ్‌లని ఫొటో తీసి పెద్దవి చేసేవారు. పాజిటివ్‌నీ నెగటివ్‌నీ ఒకదాని మీద ఒకటి పెట్టి కొంచెం జరిపి చూసేవారు. గీత మీద గీత పడగానే ఎక్కడా లేని అలలు పుట్టుకొచ్చేవి. పల్చటి దోమతెర మడతలు ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు కనిపించే అలలు గుర్తున్నాయా? అదే సూత్రం.

నలుపు తెలుపులే ఎందుకంటే.. కంటికి వాటి మధ్య ఉన్నంత తేడా ఇంకెక్కడా దొరకదు. రెటీనాలో పక్కపక్కనే ఉన్న కణాలు ఒకదాని సిగ్నల్‌ని ఒకటి తగ్గిస్తుంటాయి. అందుకే అంచులు ఉన్నదానికంటే పదునుగా కనిపిస్తాయి. పైగా మన కన్ను క్షణం కూడా స్థిరంగా ఉండదు. తెల్ల కాగితం మీద సన్నటి సందులు వదిలి నల్ల చదరాలు వరుసగా వేసి చూడండి. సందులు కలిసే చోట లేని బూడిద చుక్కలు మెరుస్తాయి. దీన్ని లుడిమార్ హెర్మన్ అనే శాస్త్రవేత్త 1870లోనే రాశారు. వసరెలీ దాన్ని కళగా మార్చారు. 1957 నాటి వేగా అనే బొమ్మలో చదరంగం గళ్లు సాగి, కుంగి, బుడగల్లా ఉబ్బుతాయి. ఎక్కడా నీడ వేయలేదు. గళ్ల సైజు మార్చారు, అంతే.

శుభలేఖ టెక్నిక్కే!

ఇక్కడే అసలు కథ. ఈ బొమ్మలకి ఆయన ఎంచుకున్న దారుల్లో ముఖ్యమైనది స్క్రీన్ ప్రింటింగ్. సంతోష్‌నగర్ వాళ్లకి ఇది కొత్త కాదు. ఛత్తా బజార్ దాకా వెళ్లి శుభలేఖలు కొట్టించుకున్న ఇల్లు పాతబస్తీలో బోలెడు. చెక్క ఫ్రేమ్‌కి బిగించిన సన్నటి గుడ్డ, దాని మీద డిజైన్, పైన ఇంక్, రబ్బరు పట్టీతో ఒక్క లాగుడు. కింద కాగితం మీద అచ్చు పడిపోతుంది.

రంగుకో స్క్రీన్ కావాలి. ఒక రంగు కొంచెం జరిగినా బొమ్మ పాడవుతుంది. నల్ల ఇంక్ మాత్రమే అయితే ఒక్క స్క్రీన్ చాలు, తెలుపు కాగితమే ఇస్తుంది. పైగా బ్రష్ గుర్తు ఉండదు, అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. కన్ను మోసపోవాలంటే కావాల్సింది సరిగ్గా ఆ అంచే. అంటే ప్రింట్‌లో బొమ్మ ప్రభావం తగ్గదు. వందో కాపీ కూడా మొదటి కాపీలాగే కన్నుని ఆడిస్తుంది.

విశేషం ఏంటంటే, అదే పారిస్‌లో 1950ల్లో మన చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి కూడా ప్రింట్ మీదే పనిచేస్తున్నారు. హేటర్ అనే ఆర్టిస్ట్ వర్క్‌షాప్‌లో ఆయన పట్టుకున్న లెక్క దీనికి రివర్స్. ఒకే లోహపు ప్లేటు మీద చిక్కటి, పల్చటి ఇంకులు వాడి అన్ని రంగులూ ఒకేసారి అచ్చు వేసే పద్ధతిని ఆయన తన సహచరులతో కలిసి తయారు చేశారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు.

ఒక్క కాపీ ఎవరికి కావాలి?

1955లో డెనీస్ రెనె గ్యాలరీలో కదలిక అనే అంశంపై పెద్ద ప్రదర్శన జరిగింది. దాని కోసం వసరెలీ పసుపు కాగితం మీద ఒక మేనిఫెస్టో రాశారు. ఎల్లో మేనిఫెస్టోగా అది ఫేమస్. కళ అంటే ఒక్కటే ఒరిజినల్, అది ఒక్కరికే సొంతం అన్న పద్ధతి పోవాలన్నది ఆయన వాదన. అంతకుముందు ఏడాదే వెనిజులాలోని కరకస్ యూనివర్సిటీలో పెద్ద పెద్ద పనులు చేశారు. విద్యార్థి రోజూ నడిచే దారిలోనే కళ ఉండాలన్నమాట.

1965లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ పెట్టిన ది రెస్పాన్సివ్ ఐ ప్రదర్శనతో ఆప్ ఆర్ట్ ప్రపంచమంతా పాకింది. డ్రెస్సుల మీద, కర్టెన్ల మీద అవే గళ్లు, అవే గీతలు. 1969లో డేవిడ్ బోవీ ఆల్బమ్ కవర్ మీద వసరెలీ చుక్కలు వచ్చాయి. 1972లో రెనో కారు డైమండ్ లోగోని కొడుకు ఇవరాల్‌తో కలిసి మార్చి డిజైన్ చేశారు. 1982లో ఆయన స్క్రీన్ ప్రింట్లు 154 సోవియట్ సల్యూత్-7 స్టేషన్‌కి, అంటే అంతరిక్షానికి వెళ్లొచ్చాయి! తర్వాత యునెస్కో కోసం అమ్మారు.

పేరుతో పాటు విమర్శా వచ్చింది. ప్రింట్లు మరీ ఎక్కువయ్యాయని, ఇది గోడ అలంకారమే తప్ప కళ కాదని కొందరు తీసిపారేశారు. ఫ్యాషన్ మారగానే మార్కెట్ కూడా మొహం తిప్పుకుంది.

చివర్లో కోర్టు గొడవలు

1976లో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఎక్స్‌లో తన ఫౌండేషన్ తెరిచారు. తేనెపట్టు గదుల్లాంటి హాళ్లు, గోడల ఎత్తున బొమ్మలు. సొంతూరు పేచ్‌కి కూడా ఒక మ్యూజియం ఇచ్చారు. 1990లో భార్య పోయారు. 1997 మార్చి 15న పారిస్‌లో, 90 ఏళ్ల వయసులో వసరెలీ కన్నుమూశారు.

కానీ ఫౌండేషన్‌కి ఇచ్చిన బొమ్మలు ఎన్నో చేతులు దాటి వెళ్లిపోయాయి. ఏది ఎవరిది అన్న గొడవ కుటుంబాన్ని చీల్చింది, కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచింది. గోర్డ్ ఊళ్లోని ఆయన మ్యూజియం 1996లోనే మూతపడింది. ఎక్స్ బిల్డింగ్‌ని మాత్రం 2013లో చారిత్రక కట్టడంగా ప్రకటించారు. 2019లో పారిస్ పాంపిడూ సెంటర్ భారీ ప్రదర్శన పెట్టాక కొత్త తరం మళ్లీ ఆయన వైపు చూసింది.

ఒరిజినల్ ఎవరిదన్న ప్రశ్నే ఉండకూడదనుకున్న మనిషి విషయంలో, చివరికి అంతా కొట్టుకుంది ఒరిజినల్స్ కోసమే. ఆయన కోరుకున్నది మాత్రం జరిగిపోయింది. ఆ గళ్లు చూడ్డానికి ఇప్పుడు ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, టికెట్టూ అక్కర్లేదు.