పడవలో ఓటు గురించి అడిగిన నటుడు కెనడా లీ

పాత హాలీవుడ్ సినిమాల్లో నల్లజాతి నటుల కోసం వెతికితే మనకు ఎక్కువగా కనిపించేవి వంటమనిషి, డ్రైవరు, సామాన్లు మోసే కూలీ వేషాలే. ఆ కాలంలోనే, ఆ వేషాలకు తలవంచని ఒక సహాయ నటుడు ఉన్నారు. ఆయనే కెనడా లీ. ఒకప్పుడు న్యూయార్క్ నాటకరంగంలో పెద్ద పేరు. ఇవాళ సినిమా చదువుకునే విద్యార్థుల్లో కూడా ఆ పేరు విన్నవాళ్లు తక్కువ. అది ఎలా చెరిగిపోయిందో మనం తెలుసుకోవాలి.

లీ 1907 మార్చి 3న న్యూయార్క్‌లో పుట్టారు. ఇంటిపేరు కానెగాటా. కరీబియన్ దీవుల మూలాలున్న కుటుంబం. చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్నారు. పద్నాలుగేళ్లకు ఇల్లు వదిలి గుర్రప్పందేల్లో జాకీ అయ్యారు. ఒళ్లు పెరిగి ఆ పనికి కుదరక బాక్సింగ్‌లోకి దిగారు. రింగ్ దగ్గర పేర్లు చదివే మనిషి తడబడి పిలిచిన పేరే కెనడా లీ. కంటికి తగిలిన దెబ్బతో చూపు పోయి, బాక్సింగ్ కూడా ముగిసింది.

పని వెతుక్కుంటూ తిరుగుతున్న రోజుల్లో హార్లెంలో నాటకాల్లోకి వచ్చారు. 1936లో ఆర్సన్ వెల్స్ నల్లజాతి నటులతో వేసిన ‘మాక్‌బెత్’లో బాంక్వోగా నటించారు. 1941లో రిచర్డ్ రైట్ నవల ‘నేటివ్ సన్’ బ్రాడ్‌వే నాటకమైనప్పుడు బిగ్గర్ థామస్ పాత్ర ఆయనదే. దానితో దేశమంతా పేరు తెలిసింది.

1944లో హిచ్‌కాక్ ‘లైఫ్‌బోట్’ వచ్చింది. జర్మన్ల దాడిలో ఓడ మునిగిపోయి, కొద్దిమంది ఒక పడవలో మిగులుతారు. వాళ్లలో నల్లవాడు ఒక్కడే, ఓడలో స్టూవర్డ్‌గా పనిచేసిన జో. ఆ పాత్ర లీ వేశారు. పడవెక్కిన జర్మన్‌ను ఉంచాలా, నీళ్లలోకి తోసెయ్యాలా అని ఓటు పెట్టినప్పుడు, తనకూ ఓటు ఉందా అని జో అడుగుతాడు. ఉందంటారు. అయినా వెయ్యడు. తర్వాత మిగతావాళ్లు గుంపుగా ఆ జర్మన్ మీద పడి చంపుతున్నప్పుడు జో చెయ్యి కలపడు. అమెరికా దక్షిణాదిలో నల్లవారికి ఓటు అందకుండా చేస్తున్న కాలమది. గుంపులు వారిని కొట్టి చంపుతున్న కాలం కూడా. జోను ఒకప్పటి జేబుదొంగగా రాయడంలో పాత చూపు ఉంది, నిజమే. కానీ మాటమాటకీ చేతులు కట్టుకునే నౌకరుగా లీ అతన్ని ఆడించలేదు.

1947లో ‘బాడీ అండ్ సోల్’లో జూదరుల లాభం కోసం బలైపోయే బాక్సర్‌గా నటించారు. ఆ బతుకు ఆయనకు కొత్త కాదు.

తెర బయట కూడా లీ వివక్షకు వ్యతిరేకంగా గట్టిగా మాట్లాడారు. 1949లో ఒక గూఢచర్యం కేసు విచారణలో బయటపడిన ఎఫ్‌బీఐ కాగితాల్లో ఆయన పేరు వచ్చింది. తాను కమ్యూనిస్టును కానని బహిరంగంగా చెప్పినా రేడియో, టీవీ తలుపులు మూసుకున్నాయి. ఎవరూ జైలుకు పంపలేదు. పని ఇవ్వడం మానేశారు, అంతే. సాంఘిక బహిష్కరణ ఎలా పనిచేస్తుందో తెలిసిన మనకు ఇది వివరించనక్కరలేదు. కూలికి పిలవకపోతే చాలు, మనిషి కుంగిపోతాడు.

చివరి పెద్ద అవకాశం ‘క్రై, ది బిలవ్‌డ్ కంట్రీ’. అందులో పల్లెటూరి పాస్టరు స్టీఫెన్ కుమాలో ఆయనే. యువ నటుడు సిడ్నీ పోయిటియర్‌తో కలిసి దక్షిణాఫ్రికా వెళ్లి, వర్ణవివక్ష చట్టాల మధ్యే పనిచేశారు. 1952లో అది అమెరికాలో విడుదలైంది. అదే ఏడాది మే 9న లీ కన్నుమూశారు. వయసు 45.

పోయిటియర్ తర్వాత హాలీవుడ్‌లో పెద్ద తార అయ్యారు. ఆ దారిలో ముందు నడిచినవారిలో లీ ఒకరు. ‘లైఫ్‌బోట్’ దొరికితే చూడండి. ఓటు అడిగే ఆ క్షణంలో జో ముఖాన్ని గమనించండి.