హాలోజన్ బంధానికి రూపం చూపిన ఆడ్ హాసెల్

నార్వే శాస్త్రవేత్త ఆడ్ హాసెల్ 1969లో రసాయన శాస్త్ర నోబెల్ పురస్కారాన్ని పంచుకున్నారు. మరుసటి సంవత్సరం జూన్‌లో ఇచ్చిన నోబెల్ ఉపన్యాసంలో మాత్రం ఆయన తనకు ఆ గౌరవం తెచ్చిన పరిశోధనను కాక మరొక అంశాన్ని ఎంచుకున్నారు. బ్రోమిన్, అయోడిన్ వంటి హాలోజన్ పరమాణువులు పొరుగు అణువులతో ఏర్పరచుకునే బంధమే ఆ అంశం. అప్పట్లో దానిపై ఆసక్తి చూపినవారు కొద్దిమందే. నేడు అణువులను కోరిన క్రమంలో పేర్చి కొత్త ఘనపదార్థాలను రూపొందించే స్ఫటిక ఇంజనీరింగ్‌కు అదొక ముఖ్య సాధనం.

హాసెల్ 1897 మే 17న, నేడు ఓస్లోగా పిలిచే క్రిస్టియానియా నగరంలో ఒక వైద్యుని ఇంట జన్మించారు. 1920లో ఓస్లో విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, కొంతకాలం తరువాత మ్యూనిక్‌లో కాజిమిర్ ఫాయన్స్ ప్రయోగశాలలో చేరారు. అనంతరం బెర్లిన్‌లో ఎక్స్‌రేలతో స్ఫటికాల నిర్మాణాన్ని తెలుసుకునే పద్ధతిని అభ్యసించి, 1924లో డాక్టరేట్ పొందారు. స్వదేశానికి తిరిగి వచ్చి, 1934లో ఓస్లోలో భౌతిక రసాయన శాస్త్ర ఆచార్యులయ్యారు. 1964లో పదవీ విరమణ చేసేవరకు అక్కడే బోధించారు.

ఆరు కార్బన్ పరమాణువుల వలయమైన సైక్లోహెక్సేన్‌పై ఆయన దీర్ఘకాలం పరిశోధించారు. ఆ వలయం బల్లపరుపుగా ఉండదని, కుర్చీని పోలిన వంపుతో స్థిరపడుతుందని ఎలక్ట్రాన్ వివర్తన ప్రయోగాలతో నిరూపించారు. అప్పటికి నార్వే నాజీ జర్మనీ ఆక్రమణలో ఉంది. జర్మన్ పత్రికలకు రచనలు పంపేందుకు హాసెల్ నిరాకరించారు. 1943లో తన కీలక పత్రాన్ని నార్వేజియన్ భాషలోనే ప్రచురించారు. ఫలితంగా అది విదేశీ శాస్త్రజ్ఞులలో బహుకొద్దిమందికే చేరింది.

అదే సంవత్సరం అక్టోబరులో ఆయనను విశ్వవిద్యాలయ సహచరులతో పాటు నిర్బంధించారు. ఓస్లో సమీపంలోని గ్రీనీ శిబిరంలో ఉంచి, 1944 నవంబరులో విడుదల చేశారు. ఆ శిబిరంలోనే బందీగా గడిపిన ఆర్థికవేత్త రాగ్నర్ ఫ్రిష్‌కు కూడా 1969లోనే నోబెల్ పురస్కారం లభించడం విశేషం. హాసెల్‌తో రసాయన శాస్త్ర పురస్కారాన్ని పంచుకున్నది బ్రిటన్‌కు చెందిన డెరెక్ బార్టన్. అణువు వంపును బట్టి దాని రసాయన చర్యలు ఎలా మారతాయో ఆయన 1950లో వివరించారు.

యుద్ధానంతరం హాసెల్ దృష్టి హాలోజన్‌ల వైపు మళ్లింది. బ్రోమిన్, డయాక్సేన్ కలిసి ఏర్పడిన స్ఫటికపు నిర్మాణాన్ని ఆయన బృందం 1954లో వెల్లడించింది. డయాక్సేన్ అణువుకు ఎదురెదురు కొసల వద్ద రెండు ఆక్సిజన్ పరమాణువులుంటాయి. బ్రోమిన్ అణువుకూ రెండు కొసలే. ఒకదాని కొస మరొకదాని కొసను పట్టుకోగా, పూసలు గుచ్చినట్టు పొడవైన గొలుసు తనంతట తానే ఏర్పడింది. ఆక్సిజన్, బ్రోమిన్‌ల మధ్య దూరం సుమారు 2.7 ఆంగ్‌స్ట్రామ్‌లు. పరమాణువులు కేవలం పక్కపక్కన ఆనుకుని ఉంటే ఈ దూరం ఇంతకంటే చాలా ఎక్కువ ఉండాలి. పైగా ఆక్సిజన్, రెండు బ్రోమిన్‌లు, మళ్లీ ఆక్సిజన్ దాదాపు ఒకే సరళరేఖపై నిలిచాయి. ఎసిటోన్, బెంజీన్, అమీన్‌లతో ఏర్పడే స్ఫటికాలనూ ఆయన బృందం ఇదే విధంగా పరిశీలించింది.

దీనికి కారణం తరువాతి దశాబ్దాలలో మరింత స్పష్టమైంది. బంధంలో ఉన్న హాలోజన్ పరమాణువు చుట్టూ ఎలక్ట్రాన్ల పంపిణీ సమానంగా ఉండదు. పక్కల దట్టంగా, బంధానికి ఎదురుగా ఉన్న కొసన పలుచగా ఉంటుంది. అందువల్ల ఆ కొస ధనావేశాన్ని సంతరించుకుని, ఎలక్ట్రాన్లు అధికంగా ఉన్న ఆక్సిజన్‌ను గానీ నైట్రోజన్‌ను గానీ ఆకర్షిస్తుంది. దిశ ముందే తెలియడం వల్ల అణువులు ఎలా పేరుకుంటాయో ఊహించడం, ఆ మేరకు స్ఫటికాన్ని రూపొందించడం సాధ్యమవుతాయి.

హాసెల్ 1981 మే 11న కన్నుమూశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యులు గౌతమ్ దేశిరాజు 1989లో వెలువరించిన గ్రంథం స్ఫటిక ఇంజనీరింగ్‌ను ప్రత్యేక శాఖగా నిలబెట్టింది. 1990 దశకం చివర మిలాన్ పరిశోధకులు హాలోజన్ బంధాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ద్రవ స్ఫటికాల తయారీలో, ఔషధాల రూపకల్పనలో దాని వినియోగం పెరిగింది. అంతర్జాతీయ రసాయన శాస్త్ర సమాఖ్య 2013లో ఆ బంధానికి అధికారిక నిర్వచనం ఇచ్చింది. ఆ నిర్వచన పత్రానికి ప్రథమ రచయిత దేశిరాజే. హాసెల్ బృందం బ్రోమిన్ గొలుసును వెల్లడించి అప్పటికి 59 ఏళ్లు.