కుప్పాంబిక: గుండేశ్వరము

పాలమూరు జిల్లాయందు భూత్పూరను గ్రామము కలదు. దాని ప్రాచీన నామము బుద్ధపురము. తెలుగు కవయిత్రులలో మొదటిదిగా పెక్కురు పండితులు పరిగణించు కుప్పాంబిక చరిత్ర ఈ గ్రామముతో ముడివడియున్నది. తాళ్ళపాక తిమ్మక్క 15వ శతాబ్దమునను, మొల్ల 16వ శతాబ్దమునను వెలసిరి. కుప్పాంబిక వారికంటె ముందుగా, కాకతీయులు ఓరుగల్లు నేలుచుండిన 13వ శతాబ్దమున జీవించినది.

ఆమె పుట్టినిల్లు కవితకు నిలయము. తండ్రి గోన బుద్ధారెడ్డి. రంగనాథ రామాయణమను ద్విపద కావ్యము ఆయన రచనగా ప్రసిద్ధము. పండితులకే గాక పామరులకును పాడుకొనుటకు అనువైన ఛందస్సు ద్విపద. ఆ కావ్యమునకు ఉత్తరకాండమును ఆయన కుమారులు కాచభూపతియు విట్ఠలనాథుడును రచించిరి. తండ్రియు సోదరులును కవులైన యింట పెరిగిన బాలికకు పద్యవిద్య అబ్బుట వింత కాదు.

మెట్టినిల్లు వీరుల కాలవాలము. భర్త మల్యాల గుండ దండనాథుడు కాకతీయుల కొలువున ప్రముఖుడు. నేడు నంది వడ్డెమానుగా పిలువబడు వర్ధమానపురము ఆ కుటుంబమునకు ముఖ్యస్థానము. బుద్ధపురము పేరు కుప్పాంబిక తండ్రి పేరును స్ఫురింపజేయుచునే యున్నది.

గుండ దండనాథుడు గతించెను. మధ్యయుగములందు భర్తృచితి నెక్కిన స్త్రీల స్మారకములుగా సతీశిలలు తెలుగునాట పలుచోట్ల కనబడుచున్నవి. కుప్పాంబిక జీవించియుండి, భర్త పేరు నిలుపుటకు పూనుకొన్నది. బుద్ధపురమున ఆయన స్మృత్యర్థము గుండేశ్వరాలయమును నిర్మింపజేసి, 1276లో శాసనము వేయించినది. గతించినవారి పేరను లింగమును ప్రతిష్ఠించి, ఆ పేరునకు ఈశ్వరశబ్దమును చేర్చుట ఆ కాలపు ఆచారము. సమాధియందు మృతుని దేహముండును. ఇట్టి గుడియందు ఆయన నామముండును. అర్చన జరిగినంత కాలము ఆ నామము నిత్యము ఉచ్చరింపబడుచునే యుండును. వియోగదుఃఖమున ఆమె కోరుకొన్న ఊరట ఇదియే కావచ్చును.

ఆమె కవితలో నేడు మనకు మిగిలినది ఒక ప్రాచీన సంకలన గ్రంథమున చేరిన పద్యమొక్కటియే. అందొక కన్య తన చెలితో మనసు విప్పి పలుకుచున్నది. మన్మథుని బాణములను తప్పించుకొనజాలదు. నవయౌవనము ధైర్యమును నిలువనీయదు. నోరు విప్పుటకు సిగ్గు అడ్డము. వంశగౌరవము స్వేచ్ఛ నీయదు. ఇక కోరిక తీరు టెట్లు? ఇది కవయిత్రి స్వీయగాథయే యని చెప్పుటకు ఆధారము లేదు. కాని పురుషులు నాయికల విరహమును వర్ణించుచుండిన కాలమున, ఒక స్త్రీ కులమర్యాదయే ప్రేమకు సంకెలయని పలుకుట సామాన్యవిషయము కాదు.

పద్యమున పలికినది ప్రేమకు ముందటి తపన. శాసనమున కానవచ్చునది ప్రేమ పోయిన పిదప నిలిచిన నిష్ఠ. ఒక సంకలనకర్త ఆ పద్యమును ఏరి దాచనిచో, ఒక శిల్పి ఆ అక్షరములను రాతిపై చెక్కనిచో, కుప్పాంబిక యను పేరే మనకు తెలిసెడిది కాదు. ఆమె రచించిన తక్కిన పద్యములు కాలగర్భమున కలిసిపోయినవి. మన పల్లెలలో గుడిగోడల చెంత, చెరువుకట్టల పైన పడియున్న శాసనశిలలను గొడ్డళ్ళు నూరుకొను రాళ్ళుగా చూడక చదువ యత్నించుట ఉపాధ్యాయులకును విద్యార్థులకును విధి. వానిలో నింకెందరు కుప్పాంబికలు మౌనముగా నున్నారో!