ముత్తులక్ష్మీరెడ్డిగారును ఆరోగ్య బీమాయును

అనంతపురసీమకు బీమా యన్న మాట క్రొత్తది కాదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాననే నమ్మి వేరుసెనగ విత్తి, చేను మాడిన పిదప పరిహారమునకై యెదురుచూచుట యిచ్చటి రైతులకు పరిపాటి. 2007 ఏప్రిల్ 1వ తేదీన ఆరోగ్యశ్రీ పథకము తొలుత ఆరంభమైన మూడు జిల్లాలలో అనంతపురమొకటి. పేదల క్యాన్సరు చికిత్స దానివలన బీమా క్రిందికి వచ్చెను. ఇది గొప్ప మేలు. కాని యది ప్రధానముగా చికిత్సకై యేర్పడినది. వ్యాధి ముదురకమున్నే కనిపెట్టు పరీక్ష మాటయేమి? ఈ సందర్భమున డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి జీవితము మాకు జ్ఞప్తికి వచ్చుచున్నది.

ఆమె 1886 జూలై 30వ తేదీన పుదుక్కోటలో జన్మించిరి. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కులమునందు పుట్టినది. బాలురు మాత్రమే చదువు కళాశాలలో చదివి, 1912లో మద్రాసున వైద్యపట్టము పొందిరి. 1914లో డాక్టరు సుందరరెడ్డిగారిని వివాహమాడిరి. 1927లో మద్రాసు శాసనమండలికి ఉపాధ్యక్షురాలై, 1930లో గాంధీమహాత్ముని నిర్బంధమునకు నిరసనగా ఆ పదవిని త్యజించిరి. వారు పూనిన దేవదాసీ నిషేధము 1947లో శాసనమై, నాడు మద్రాసు రాష్ట్రమున చేరియున్న అనంతపురమునకును వర్తించెను.

అయినను ఆమె హృదయమున ఆరని మంట వేరొకటి యుండెను. 1923లో చెల్లెలు రాచపుండుచే, అనగా క్యాన్సరుచే, మరణించెను. క్యాన్సరు సోకినవారు చచ్చుటయేగదా యను నిరాశ ఆనాడు అంతటను వ్యాపించియుండెను. ఆమె దానికి లొంగలేదు. లండనులో ఉన్నతవైద్యము నభ్యసించి వచ్చి, 1935లో క్యాన్సరు ఆస్పత్రి కావలెనని ప్రకటించి, యేండ్లతరబడి విరాళములకై తిరిగిరి. 1952లో నెహ్రూగారు శంకుస్థాపన చేయగా, 1954 జూన్ 18వ తేదీన అడయారులో పండ్రెండు పడకలతో ఆస్పత్రి వెలసెను. 1968 జూలై 22వ తేదీన ఆమె పరమపదించిరి.

ఆమె పోరాడిన నిరాశ నేడు రూపు మార్చుకొన్నది. రొమ్మున గడ్డ తగిలినను నొప్పి లేదుగదా యని కూలికి పోవు స్త్రీ, పట్టణమున పరీక్ష చేయించుకొనవలెనన్న కూలియు దారిఖర్చును నష్టపోవలెను. ముంబయి బస్తీలలో లక్షన్నరమంది స్త్రీలపై ఇరువదేండ్లు సాగి 2021లో ప్రకటితమైన పరిశోధనము మనకు దారి చూపుచున్నది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లకొకసారి చేతితో పరీక్షింపగా, వ్యాధి తొలిదశలోనే బయటపడినది. అన్ని వయస్సులను కలిపి చూచిన మరణముల తగ్గుదల నిశ్చయముగా తేలలేదు గాని, ఏబదియేండ్లు దాటినవారిలో రొమ్ము క్యాన్సరు మరణములు దాదాపు 30 శాతము తగ్గినవి.

కావున నియతకాలమున ఊరిలోనే రొమ్ము పరీక్షయు, అనుమానము తోచినచో మామోగ్రామును, ముక్క పరీక్షయు, దారిఖర్చుతో సహా ప్రతి ఆరోగ్య బీమాలోను విధిగా చేర్పవలెనని మేము కోరుచున్నాము. అమెరికాలో 2010 నాటి చట్టము మామోగ్రాము ఖర్చును చాలావరకు బీమా సంస్థలపైననే మోపినది. ఖర్చు హెచ్చునందురా? ముదిరిన రోగమునకు శస్త్రచికిత్స చేయించుట చవుక కాదు. మాడిన చేనికి పరిహారమిచ్చుట న్యాయమే. అంతకుముందే ఒక్క తడి యిచ్చి చేనిని కాపాడుట వివేకము.