మత్స్యసంపదకై తపించిన వైద్యుడు – ఫ్రాన్సిస్ డే

ఆడి పద్దెనిమిదినాడు హొగెనకల్లుకు వెళ్ళి కావేరీ స్నానమాడని కుటుంబాలు మన సరిహద్దు పల్లెలలో అరుదు. స్నానానంతరం ఒడ్డున వేపి అమ్మే చేపలను రుచి చూడనివారు మరీ అరుదు. నదిలోని చేపకు కూడ తరుగుదల ఉన్నదని, దానిని కాపాడుటకు కట్టుబాటు కావలెనని 19వ శతాబ్దంలోనే ప్రభుత్వానికి విన్నవించిన మహనీయుడు ఫ్రాన్సిస్ డే.

ఆయన 1829లో ఇంగ్లాండులోని ససెక్స్ ప్రాంతంలో జన్మించారు. వైద్యవిద్య నభ్యసించి, 1852లో ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు వైద్యశాఖలో చేరారు. వృత్తి వైద్యమే అయినా మనసు చేపల మీదనే. కొచ్చిన్‌లో ఉన్న కాలంలో మలబారు చేపలను పరిశీలించి 1865లో గ్రంథం వెలువరించారు. నీలగిరి కొండల చుట్టునున్న నదులలోని చేపలను గూర్చియు వ్రాశారు.

ఆ రోజులలో ఒక సందేహం తలెత్తింది. పెద్ద నదులకు అడ్డంగా కట్టిన ఆనకట్టల వలన చేపలకు హాని కలుగుచున్నదా? 1867లో ఈ ప్రశ్న లేవనెత్తినవారు మరెవరో కాదు, ధవళేశ్వరం ఆనకట్టను నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్ గారే. విచారణభారం డేగారిపై పడింది. సముద్రం నుండి గ్రుడ్లు పెట్టుటకై గోదావరికి ఎదురీదే పులస వంటి చేపలకు ఆనకట్ట గోడవలె అడ్డుపడునని, వాటికి దారి విడువవలెనని ఆయన సూచించారు.

1871లో భారత మత్స్యశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. జిల్లాల అధికారులకు, తహసీల్దార్లకు ప్రశ్నలు పంపి సమాధానాలు సేకరించి, 1873లో నివేదికలు సమర్పించారు. వానలు పడగానే చేపలు వాగులకు, వరిమళ్ళకు ఎదురెక్కుతాయి. అక్కడ వెదురుబుట్టలు పన్ని తల్లిచేపలను పడతారు. నీరు తీసేటప్పుడు సన్నకన్ను వలలతో పిల్లలను ఊడ్చుతారు. వేసవి మడుగులలో మిగిలినవి విషానికి చస్తాయి. ఇక మరుసటి ఏటికి విత్తనమేది? రైతు విత్తనపు గింజను వండుకొని తినునా?

అయితే బీదల జీవనోపాధిలో జోక్యమని ప్రభుత్వం చాలకాలం జంకింది. ఆ జంకు పూర్తిగా తప్పనలేము. వలనే నమ్ముకొన్న కుటుంబానికి ఒక ఋతువు నిషేధమంటే పస్తే. కానీ చేప అంతరించిన తరువాత వచ్చే పస్తుకు ముగింపు ఉండదు.

డే 1877లో ఉద్యోగం విరమించారు. 1878 నాటికి భారతదేశపు చేపలపై బృహద్గ్రంథం పూర్తిచేశారు. 1883లో లండన్ మత్స్యప్రదర్శనలో భారత విభాగపు బాధ్యత ఆయనదే. ఆ ప్రదర్శనలోనే హక్స్‌లీ అను ప్రఖ్యాత శాస్త్రవేత్త, కాడ్ వంటి సముద్రపు చేపలు ఎంత పట్టినా తరగవని అభిప్రాయపడ్డారు. కాలమిచ్చిన తీర్పు వేరు. యంత్రపు ఓడలు, పెద్ద వలలు వచ్చి 1992 నాటికి కెనడా తీరంలో కాడ్ దాదాపు అడుగంటింది. వేట నిషేధించగా వేలాది కుటుంబాలు ఉపాధి కోల్పోయాయి. నిషేధం తొలగుటకు 2024 వరకు ఆగవలసి వచ్చింది.

డేగారు 1889లో చెల్టెన్‌హామ్‌లో కన్నుమూశారు. మందుగుండుతోను, విషంతోను చేపలు పట్టుటను నిషేధించే భారత మత్స్యచట్టం 1897లో వచ్చింది. ఆయన నివేదికకు అప్పటికి 24 ఏండ్లు!

మన కావేరికి 1934లో మెట్టూరు ఆనకట్ట వచ్చింది. సముద్రం నుండి పైకి వచ్చే చేపలకు దారి మూసుకొన్నది. కావేరీ పరీవాహకంలో తప్ప మరెక్కడా లేని మూపురపు మహశీర్‌ను 2018లో అంతరించు ప్రమాదం అత్యధికంగా ఉన్న జాతిగా ప్రకటించారు. చట్టమున్నా, మడుగులో తోటా పేల్చే చేయి మన ఊరిదైతే ఆపవలసినది మనమే. పిల్లచేపను నీటికి విడిచే గుణం మన పిల్లలకు నేర్పగలిగితే, అదే ఆ వైద్యునికి మనమిచ్చే నివాళి.