గోడకెక్కిన యుద్ధము: వెరెష్చాగిన్ జీవితము

కలకత్తాలో కొలువు చేయు మన ఆంధ్ర సోదరులలో విక్టోరియా స్మారక భవనమును చూడనివారు అరుదు. స్వస్థలమునుండి బంధువులెవరు వచ్చినను వారిని మొదట కాళీఘాట్‌నకును, పిదప ఈ పాలరాతి భవనమునకును తీసికొనిపోవుట మన యిండ్లలో ఆచారమైనది. అందొక గోడను నిండుగా ఆక్రమించిన మహాచిత్రము గలదు. 1876లో వేల్సు యువరాజు ఏనుగునెక్కి జయపురమున ప్రవేశించిన ఊరేగింపు దృశ్యమది. దాని వెడల్పు సుమారు 7 మీటర్లు. ఎత్తు సుమారు 5 మీటర్లు. పిల్లలు ఏనుగులను లెక్కపెట్టి ముందుకు సాగుదురు. చిత్రకారుని పేరు చదువువారు కొలదిమంది.

అతడు రష్యా దేశీయుడగు వసీలీ వెరెష్చాగిన్. రాజుల వైభవమును ఇంత ఘనముగా చిత్రించిన ఆ చేయియే యుద్ధభూమిలోని కందకములను, క్షతగాత్రులను, కపాలరాశులను చిత్రించి ప్రభువుల ఆగ్రహమునకు గురియైనది. అతని జీవితము మనము తెలిసికొనదగినది.

వెరెష్చాగిన్ 1842లో చెరెపొవెత్స్ పట్టణమున ఒక భూస్వామి యింట జన్మించెను. నౌకాదళ విద్యాలయమున చదివి ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యెను. అయినను, తలిదండ్రుల కిష్టము లేకున్నను, చేతికందిన కొలువును విడిచి చిత్రకళాభ్యాసమునకు పూనుకొనెను. స్థిరమైన ఉద్యోగమును వదలుకొనుట యెట్టి సాహసమో మనబోటివారికి వేరుగా చెప్పనక్కరలేదు. సెంటు పీటర్సుబర్గులోను, పిదప ప్యారిస్ నగరమున జెరోమ్ అను ప్రసిద్ధ చిత్రకారుని యొద్దను అతడు శిక్షణము పొందెను.

1867లో రష్యా సేనల వెంట తుర్కిస్తానమునకు వెడలెను. మరుసటి సంవత్సరము సమర్ఖండు కోట ముట్టడింపబడినపుడు కుంచెను ప్రక్కన బెట్టి తుపాకి చేతబట్టి పోరాడెను. అందులకు సెంటు జార్జి శిలువ యను వీరపతకము లభించెను. కావున అతడు యుద్ధమును ఇంట కూర్చుండి ఊహించినవాడు కాడు. పిరికివాడై నిందించినవాడును కాడు. 1871లో అతడు వ్రాసిన చిత్రమున ఎడారినడుమ కపాలముల గుట్టయొకటి, దానిపై వ్రాలు కాకులు కనబడును. ఆ చిత్రమును భూత భవిష్యద్వర్తమాన కాలములందలి విజేతలందరికి అంకితము చేసెను. 1874లో ఈ చిత్రములు ప్రదర్శింపబడగా, రష్యా సైన్యమును అవమానించెనని సేనానులు నిందించిరి. మనసు విరిగి అతడు మూడు చిత్రములను స్వయముగా తగులబెట్టెను. తక్కినవానిని త్రెత్యకోవ్ అను వర్తకుడు కొని కాపాడెను.

ఆ 1874లోనే వెరెష్చాగిన్ భార్యతో భారతదేశమునకు వచ్చి రెండేండ్లు సంచరించెను. ఢిల్లీ, ఆగ్రా, జయపురములను, హిమాలయ ప్రాంతములను చూచి అసంఖ్యాకములగు చిత్రములు వ్రాసెను. మన భవనమందలి ఊరేగింపు ఆ యాత్రాఫలమే.

1877లో రష్యాకును తురుష్కులకును యుద్ధము మొదలుకాగా అతడు మరల రణరంగమునకు పోయెను. డాన్యూబు నదిపై తొడకు తీవ్రమైన గాయము తగిలెను. ప్లెవ్నాలో తురుష్కులు కందకములు త్రవ్వుకొని అయిదు నెలలు నిలిచిరి. వానిపైకి నడిపిన దాడులలో వేలాది రష్యనులు నేలకొరిగిరి. అతని తమ్ముడు సెర్గేయి ఆ మృతులలో నొకడు. శిప్కా కనుమలోని సైనికులు మంచు కందకములలో చలికి కొయ్యబారిరి. సేనాధిపతి మాత్రము శిప్కాలో అంతయు ప్రశాంతమని నివేదికలు పంపుచుండెను. వెరెష్చాగిన్ ఆ నివేదిక మాటలనే పేరుగా పెట్టి మూడు చిత్రములు వ్రాసెను. మొదటిదానిలో కావలి సైనికుడు మోకాటివరకు మంచులో నిలిచియుండును. రెండవదానిలో ముడుచుకొని కూరుకుపోవుచుండును. మూడవదానిలో మంచుదిబ్బ మాత్రమే మిగులును.

నివేదికలు వ్రాయుటయే వృత్తిగా గల మనకు ఈ మూడు చిత్రములును మనసున నాటవలసినవి. దస్త్రములో పంక్తి చక్కగానే యుండును. దాని క్రింద ఎవడు కూరుకుపోవుచున్నాడో ఆ పంక్తి చెప్పదు.

అతని ప్రదర్శనలకు ఐరోపా నగరములలో జనము తండోపతండములుగా వచ్చిరి. 1882లో బెర్లిన్‌లో సైనికులు వానిని చూడరాదని సేనాని మోల్ట్కె నిషేధించెనని చెప్పుదురు. ఆ యేటనే భారతదేశమునకు రెండవమారు వచ్చి పోయిన పిదప, సిపాయిలను ఫిరంగిమూతులకు గట్టి ఆంగ్లేయులు శిక్షించు దృశ్యమును అతడు చిత్రించెను. అది ఆంగ్లేయులకు కంటగింపయ్యెను. అంబారీని చిత్రించిన కుంచెయే ఫిరంగిని గూడ చిత్రించినది!

1904లో రష్యాకు జపానుతో యుద్ధము వచ్చెను. అరువదియొక్క యేండ్ల వెరెష్చాగిన్ మరల బయలుదేరెను. ఏప్రిల్ 13వ తేదీన పోర్టు ఆర్థరు చెంత పెత్రొపావ్లొవ్‌స్క్ నౌక సముద్రమందలి మందుపాతరలు తగిలి మునుగగా, నౌకాధిపతి మకారొవ్‌తోపాటు అతడును జలసమాధి యయ్యెను.

పిమ్మట పదేండ్లకే ఫ్రాన్సు దేశపు కందకములలో మన భారతీయ సైనికులు చలికి వణకిరి. ఆ మహాయుద్ధమున సుమారు 74,000 మంది భారతీయులు మరణించిరి. విక్టోరియా భవనమునకు చిత్రమందలి యువరాజు కుమారుడు 1906లో పునాదిరాయి వేసెను; మనుమడు 1921లో ప్రారంభోత్సవము చేసెను. ఆ రెంటి నడుమనే ఈ ఘోరము జరిగినది.

పాత యుద్ధచిత్రములకు చట్రము గట్టించి గదులలో అలంకారముగా వ్రేలాడదీయుట నేడు పలువురకు వేడుక. తప్పని అనను. అయితే కందకమును గోడకు తగిలించునపుడు అందలి మనుష్యుని మరువరాదు. ఈ పర్యాయము భవనమునకు పోయినపుడు, పిల్లలు ఏనుగులను లెక్కించిన పిదప, వారికి ఈ చిత్రకారుని కథ చెప్పుదము.